మెనూ కన్నా ముందు మనిషి

కోనసీమలోని పి.గన్నవరం, అంబాజీపేట, మామిడికుదురు, రాజోలు ప్రాంతాల్లో పెరిగి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల్లో ఒక కోరిక తరచుగా చూస్తుంటాను. అమ్మానాన్నలను ఒక్కసారైనా మంచి హోటల్‌కి తీసుకెళ్లి, వాళ్లు ఇంతవరకూ ఎరగని భోజనం పెట్టించాలని. వాళ్ల పాతికేళ్ల పెళ్లిరోజో, నాన్నగారి షష్టిపూర్తో, చెల్లికి ఉద్యోగం వచ్చిన రోజో అందుకు సందర్భం అవుతుంది. ఎక్కడికి అంటే, ఈ మధ్య ఎక్కువమంది ఇటాలియన్ రెస్టారెంటు అంటున్నారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, చిన్న దీపం, కట్టెల పొయ్యిలోంచి అప్పుడే తీసిన పిజ్జా. ఫోటోలో చూస్తేనే పండగలా ఉంటుంది.

కోరిక మంచిది. అది తీరే విధానమే చాలాసార్లు పెద్దవాళ్లకు భారమవుతోంది. నాన్నగారు మెనూ తెరుస్తారు, కుడిపక్క ధరలు చూస్తారు, మూసేస్తారు. "మీకేది ఇష్టమైతే అది చెప్పండ్రా" అంటారు. అమ్మ చీర కొంగు సర్దుకుంటూ పక్క బల్లల వాళ్లు ఎలా తింటున్నారో గమనిస్తూ ఉంటుంది. వెయిటర్ వంగి ఏదో అడుగుతాడు. నాన్నగారు మన వైపు అలవాటైన మర్యాదతో "ఆయ్" అంటారు, అతను దాన్ని ఆర్డర్ కింద రాసుకుంటాడు. వచ్చినవాటిలో సగం మిగిలిపోతాయి. తిరిగి వస్తూ ఇద్దరూ "చాలా బాగుందిరా" అంటారు, ఎందుకంటే డబ్బు ఖర్చుపెట్టిన పిల్లాడి మనసు కష్టపెట్టడం వాళ్లకు చేతకాదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెలియని చోట కూర్చున్నప్పుడు ఆ తెలియనితనం ఒక బరువు. ఆ బరువు ఆ రోజు ఎవరిమీద ఉండాలి? పిలిచినవాళ్ల మీద. అతిథి మీద పొరపాటున కూడా పడకూడదు. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ బరువును ముందే మన భుజాన వేసుకోవడానికి పనికొచ్చేవే.

ఈ విషయంలో మన ప్రాంతం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. పి.గన్నవరం మండలంలోని లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏళ్ల తరబడి వేళాపాళా చూడకుండా బాటసారులకు అన్నం పెట్టారు. కులం అడగలేదు, రాత్రి ఎంతయిందని అడగలేదు. ఆవిడ గురించి మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకునే ఒక సంగతి ఉంది. అంతర్వేది తీర్థానికి బయల్దేరి దారిలో ఆగినప్పుడు, ఆకలితో ఉన్న ఒక పెళ్లి బృందం మాటలు ఆవిడ చెవిన పడ్డాయట. ఇంకాస్త ఓర్చుకుంటే గన్నవరం చేరతాం, సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుంది అని పెద్దవాళ్లు పిల్లలను సముదాయిస్తున్నారు. ఆవిడ తీర్థం మానుకుని, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి వండి సిద్ధంగా ఉంచారని చెబుతారు. బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆవిడ పేరే పెట్టింది.

ఈ కథలో అందరూ దాతృత్వాన్ని చూస్తారు. నాకు ఆవిడ ముందుగా వెనక్కి తిరగడం ఇంకా గొప్పగా కనిపిస్తుంది. వచ్చేవాళ్లు గుమ్మంలో నిలబడి అడగవలసిన అవసరం రాకూడదని ఆవిడ అనుకున్నారు. రెస్టారెంటులో వంట మనది కాదు, వడ్డన మనది కాదు. ముందుగా వెళ్లి సిద్ధం చేయడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

ఎవరి కోసం ఈ భోజనం?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. మీకు ఇటాలియన్ ఇష్టం కాబట్టి వెళ్తున్నారా, అమ్మకు కొత్త రుచుల మీద సరదా ఉందనా? రెండోది కాకపోతే ఆ రోజుకు ఇంకో చోటు ఎంచుకోండి. పెద్దవాళ్లను అడగడానికి మొహమాటపడకండి. "సర్‌ప్రైజ్" అనే ఆలోచన యాభై దాటినవాళ్లకు చాలావరకు ఇబ్బందే. ఎక్కడికి, ఎన్నింటికి, ఎవరెవరు వస్తారు, అక్కడ మాంసం వండుతారా అనేవి తెలిస్తేనే వాళ్ల మనసు కుదుటపడుతుంది. అది కార్తీకమాసమా, ఏకాదశా, ఆ రోజు అమ్మ ఒంటిపూట ఉంటుందా అని తారీఖు ఖాయం చేయకముందే క్యాలెండర్ చూడండి.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కోనసీమ ఊళ్ల నుంచి కువైట్‌కీ, ఖతర్‌కీ, దుబాయ్‌కీ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. మీ అమ్మ వాళ్లలో ఒకరైతే, పాస్తా గురించి మీకన్నా ఆవిడకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. గల్ఫ్ ఇళ్లలో మకరోనాకు పాలు, మైదా, వెన్నతో చేసిన తెల్ల సాస్ పోసి ఓవెన్‌లో పెట్టే వంట చాలా మామూలు. ఏళ్ల తరబడి అలాంటివి వండి, పరాయివాళ్ల బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెనక్కి వెళ్లిపోయిన మనిషి ఆవిడ. అటువంటి అమ్మను బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇంకొకరి చేత వడ్డింపజేయడం కన్నా తగిన సందర్భం ఇంకేముంటుంది? ఆవిడకు "ఇదిగో అమ్మా, దీన్ని పాస్తా అంటారు" అని పాఠం చెప్పకండి. "నువ్వు అక్కడ చేసినదానికీ దీనికీ తేడా ఏంటమ్మా" అని అడగండి. ఆ సాయంత్రం ఆవిడే మాట్లాడుతుంది, మీరు వింటారు.

ముందురోజు ఫోన్లో అడగవలసినవి

శాకాహారులకు ఇటాలియన్ వంటలో కనిపించకుండా దాగి ఉండేవి చాలా ఉన్నాయి. మెనూలో పచ్చచుక్క ఉన్నా ఫోన్ చేసి అడగడం మేలు. బల్ల దగ్గర కూర్చున్నాక అడిగితే అమ్మకు అనుమానం మొదలవుతుంది, అనుమానం మొదలయ్యాక ముద్ద దిగదు.

మొదటిది చీజ్. అసలైన పార్మెజాన్, అంటే ఇటలీలోని పార్మ, రెజ్జో ప్రాంతాల్లో చట్టప్రకారం చేసే పార్మిజానో రెజ్జానో, లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరిచి చేయాలి. గ్రానా పదానో కూడా అంతే. పెకొరీనో రొమానోకు గొర్రెపిల్ల రెన్నెట్ వాడతారు. మన దేశంలో తయారయ్యే చీజ్‌లో ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు కాబట్టి, "మీరు పైన తురిమేది దిగుమతి పార్మెజానా, ఇక్కడిదా? శాకాహార రెన్నెట్‌తో చేసిందేనా?" అని సూటిగా అడగాలి. పాస్తా మీద మాత్రమే చూస్తే సరిపోదు. తులసి జాతికే చెందిన బేసిల్ ఆకు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, పైన్ గింజలతో చేసే పెస్తోలోనూ ఇదే చీజ్ కలుస్తుంది.

రెండోది వైన్. రిసొట్టోలో, కొన్ని సాస్‌లలో వైన్ పోసి మరిగిస్తారు. రిసొట్టోకు పోసే రసం కోడి ఎముకలతో కాచిందీ కావచ్చు. మూడోది చేప. సీజర్ సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్‌లోనూ, పుట్టనెస్కా సాస్‌లోనూ ఆంకోవీ అనే ఉప్పుచేప ఉంటుంది. నాలుగోది మిఠాయి. పన్నా కోట్టాను గట్టిపరిచేది జెలటిన్, అది జంతువు నుంచి వచ్చేదే. తిరమిసులో గుడ్డు ఉంటుంది, చాలాచోట్ల రమ్మో మార్సాలా వైనో కూడా కలుపుతారు. కార్బొనారా పేరు చూసి తెల్ల సాస్ పాస్తా అనుకుని చెప్పేస్తుంటారు. దాని అసలు వంటలో గుడ్డు, పందిమాంసం ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లవాళ్లయితే ఇంకా ముందు చెప్పాలి. టమాటో సాస్ పెద్ద గిన్నెలో పొద్దున్నే కాచి ఉంచేస్తారు కాబట్టి అప్పటికప్పుడు తీసేయడం కుదరదు. ముందురోజు చెబితే విడిగా చేసేవాళ్లు ఉంటారు.

మాంసాహారులకు ఇంత చిక్కు లేదు గానీ, ఏ మాంసమో అడగడం అవసరం. ఇటలీలో బొలొనేజ్ సాస్‌కు గొడ్డుమాంసం వాడతారు. మన నగరాల్లో చాలాచోట్ల గొర్రె, కోడి వాడతారు. ఊహించుకోవడం వద్దు.

ఆ ఫోన్లోనే మరి నాలుగు సంగతులు తేల్చుకోండి. మెట్లెన్ని, లిఫ్ట్ ఉందా, బాత్రూం అదే అంతస్తులో ఉందా, పాటలు పెద్దగా పెడతారా. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఎత్తైన స్టూలు కుర్చీలు ఇస్తే రెండు గంటలు నరకం. గోడవార, వెనక ఆనుకునే కుర్చీలున్న బల్ల అడగండి. వేళ కూడా ముఖ్యమే. మన ఊళ్లలో ఎనిమిదింటికల్లా భోజనం ముగించే అలవాటున్నవాళ్లను తొమ్మిదిన్నరకు కూర్చోబెట్టకండి. ఏడింటికి వెళ్తే హోటల్ ఖాళీగా ఉంటుంది, వెయిటర్‌కు మాట్లాడే తీరిక ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. భోజనానికి ముందు వేసుకునే బిళ్లను కారులోనే వేసేసుకుంటే, ఆర్డర్ వచ్చేసరికి ముప్పావుగంట పట్టి చెమటలు, వణుకు మొదలుకావచ్చు. బయట తినే రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. రక్తపోటు ఉన్నవాళ్లకు ఆలివ్‌లు, కేపర్లు, పార్మెజాన్, ఆంకోవీ అన్నీ ఉప్పుతో నిండినవని తెలిసి ఉండాలి.

అన్నం లేనిదే భోజనం కాదనే నాన్నగారికి

వరి పండించిన మనిషికి రొట్టె, పాస్తా ఎన్ని పెట్టినా కడుపు నిండినట్టు అనిపించదు. ఇందుకు ఇటలీ దగ్గరే మందుంది. దాని పేరు రిసొట్టో. నేనైతే కోనసీమ నుంచి వచ్చే ఏ పెద్దాయనకైనా మొదట ఇదే చెప్పిస్తాను, దాని వెనకున్న కథతో సహా.

ఉత్తర ఇటలీలో పో నది మైదానం ఉంది. వెర్చెల్లి, నొవారా, పావియా అనే ఊళ్ల చుట్టూ వసంతంలో నీళ్లు నిలిపిన మళ్లే. ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలో ఎక్కువ వరి పండించేది ఇటలీయే. రిసొట్టోకు వాడే అర్బోరియో బియ్యానికి ఆ పేరు వెర్చెల్లి దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చింది. పొట్టిగా, లావుగా ఉండే ఆ గింజను మొదట వెన్నలో వేయిస్తారు. తరువాత వేడి రసం గరిటెడు గరిటెడు పోస్తూ, కలుపుతూ, పదిహేను ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గరే నిలబడి ఉడికిస్తారు. చివర్లో వెన్న, చీజ్ కలుపుతారు. గంజి వార్చరు. కాబట్టి జారుగా, మెత్తగా, మన పులగంలా వస్తుంది.

నాన్నగారికి నచ్చే కబురు ఇంకొకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అదే 1852లో రిచర్డ్ బెయిర్డ్ స్మిత్ అనే ఇంజినీరు, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ ఉత్తర ఇటలీ కాలువలను చూసి వచ్చి, అక్కడి సాగునీటి పద్ధతుల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1856లో అదే మనిషి కావేరి, కృష్ణా, గోదావరి మీద కట్టిన పనుల గురించి ఇంకో పుస్తకం రాశాడు. పో నది కాలువలనూ గోదావరి కాలువలనూ ఒకే కంటితో చూసిన మనిషి అన్నమాట. వైనతేయ పాయ మీదుగా 49 కమానుల పాత అక్విడక్ట్‌పై కాలువ నీళ్లు అవతలి గట్టుకు దాటడం చిన్నతనంలో చూసిన గన్నవరం రైతుకు ఇది చెప్పి చూడండి. ప్లేటులో ఉన్నది ఇక పరాయి దేశపు వింత అనిపించదు. "వాళ్లకీ సార్వా దాళ్వా ఉంటాయా" అని అడుగుతారు. లేవు, చలి ఎక్కువ కాబట్టి ఏడాదికి ఒక్కటే పంట. అక్కణ్ణుంచి మాటలు వాటంతటవే సాగుతాయి.

బల్ల దగ్గర మాట్లాడుకోవడానికి ఇలాంటి ఒకటి రెండు కబుర్లు సిద్ధం చేసుకోవడం వడ్డనలో భాగమేనని నా నమ్మకం. టమాటో ఇటలీది కాదు, మిరపకాయ మనది కాదు. రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. ఇవి ముందుంచుకుంటే ఫోన్లు జేబుల్లోనే ఉంటాయి.

ఏది, ఎంత, ఏ వరసలో

ఇటలీలో పద్ధతైన భోజనం వరసగా నడుస్తుంది. మొదట చిరుతిండి, తరువాత పాస్తా లేక రిసొట్టో, ఆ తరువాత మాంసమో చేపో, పక్కన కూరగాయలు, చివర మిఠాయి, కాఫీ. మెనూలో శీర్షికలు ఆ వరసలోనే ఉంటాయి. అన్నీ చెప్పాలన్న నియమమేమీ లేదు. మనవాళ్లకు ఈ ఒక్కొక్కటిగా వచ్చే పద్ధతి కష్టం. ఆకులో అన్నీ ఒకేసారి కనిపించాలి, వాటిలోంచి తమకు కావలసిన క్రమంలో కలుపుకోవాలి. అందుకని వెయిటర్‌కు "అన్నీ బల్ల మధ్యలో పెట్టండి, పంచుకుంటాం" అని ముందే చెప్పండి. నలుగురికి చిరుతిండిగా ఒక బ్రుస్కెట్టా, ఒక పిజ్జా, ఒక రిసొట్టో, ఒక పాస్తాతో మొదలుపెట్టి, చాలకపోతే మళ్లీ చెప్పుకోవచ్చు. మనిషికొకటి చొప్పున ఆర్డర్ ఇస్తే తప్పకుండా మిగులుతుంది, మిగిలిన అన్నం చూస్తే మన పెద్దవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది.

పాస్తాలో స్పగెట్టీ వద్దు. పొడవాటి పోగులను ఫోర్కుకు చుట్టుకోవడం అలవాటు లేనివాళ్లకు తెల్లచీర కట్టుకున్న రోజున అది ఒక పరీక్ష. పెన్నే, ఫుసిల్లీ లాంటి పొట్టివి చెప్పండి, చెంచాతోనైనా తినేయవచ్చు. ఇటలీ పద్ధతిలో పాస్తాను కొంచెం పలుకుగా దించుతారు. అది నచ్చకపోతే మెత్తగా ఉడికించమని అడగడంలో తప్పులేదు. కారం కావాలంటే అరాబ్యాటా సాస్‌లో ఎండుమిరప ఉంటుంది, మన నోటికి దగ్గరగా అనిపించేది అదే. చీజ్ ఎక్కువైతే ఇమడనివారికి ఉత్త టమాటో, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేసినవి చూడండి.

పిజ్జా గురించి ఒక్క హెచ్చరిక. నేపుల్స్ పద్ధతిలో దాదాపు 480 డిగ్రీల వేడి ఉన్న కట్టెల పొయ్యిలో నిమిషం, నిమిషన్నరలో కాల్చి తీస్తారు. ఆ నైపుణ్యాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంచున నల్లటి మచ్చలు పడతాయి, నడిమి భాగం మెత్తగా వంగుతుంది. అమ్మ చూసి "మాడిపోయింది, లోపల పచ్చిగా ఉంది" అంటుంది. వచ్చేముందే చెప్పి ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు. పల్చగా, కరకరలాడేది కావాలంటే రోమ్ పద్ధతి పిజ్జా దొరుకుతుందేమో అడగండి.

చేత్తో తినాలా, ఫోర్కుతోనా? పిజ్జా, రొట్టె చేత్తో తినవచ్చు, ఇటలీలోనూ అలా తినేవాళ్లున్నారు. మిగతావాటికి చెంచా అడగండి. నాన్నగారు రిసొట్టోను చేత్తో కలుపుకుంటే కలుపుకోనివ్వండి, మీరూ చేత్తోనే తినండి. పక్క బల్లవాళ్లు చూస్తున్నారేమోనని మీరు అటూ ఇటూ చూస్తే ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది, చేతిలో ముద్ద ఆగిపోతుంది. మీరు కడుపారా తింటే వాళ్లూ తింటారు. మర్యాద విషయంలో నేను చెప్పేది ఇంతే. కత్తి ఏ చేత్తో, తువ్వాలు ఒళ్లో ఎలా అనేవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

వెయిటర్‌తో మాట్లాడే పని మీదే. అతనికి పెద్దవాళ్లను పరిచయం చేయండి, "మా అమ్మానాన్నలు, కోనసీమ నుంచి వచ్చారు, ఇవాళ వాళ్ల పెళ్లిరోజు" అని. హైదరాబాద్ హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లలో మన జిల్లాలవాళ్లు కనిపిస్తుంటారు. ఊరి పేరు వింటే సంబంధం కలుస్తుంది. నీళ్లు బాటిలా, మామూలువా అని అడిగినప్పుడు జవాబు మీరివ్వాలి. "ఇవాళ్టి స్పెషల్" అని నోటితో చెప్పేదానికి ధర అడిగి తెలుసుకోవలసిందీ మీరే. కేకు తెప్పించి సిబ్బందంతా చప్పట్లు కొట్టి పాడే వేడుక వాళ్లకు సరదాయా, సిగ్గా అనేది ముందే కనుక్కోండి. అందరి ముందూ నిలబెడితే ముడుచుకుపోయే మనుషులు మన ఇళ్లలో ఎక్కువే.

బిల్లు

ధరలు లేని మెనూ అతిథికి ఇచ్చే పద్ధతి కొన్ని పెద్ద రెస్టారెంట్లలో ఉంది. అడిగి చూడండి. లేదంటే వంటలు ముందురోజే ఖాయం చేసుకుని, మెనూ పుస్తకాలు బల్ల మీదకు తేవద్దని చెప్పండి. "ఈ డబ్బుతో ఎన్ని బస్తాల బియ్యం వచ్చేవో" అనే లెక్క వాళ్ల మనసులో మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు, ఆ లెక్క తప్పు కూడా కాదు. మీరు వీలైనంతలో ఖర్చుపెట్టండి. వాయిదాల మీద తినే విందు వాళ్లకు తెలిస్తే బాధపడతారు. చేతిలో ఉన్నది తక్కువైతే పిజ్జా, రిసొట్టో రెండే చెప్పి, మిఠాయి ఇంటి దగ్గర పెట్టుకోవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకన్నా మంచి ముగింపు ఏ దేశపు భోజనానికీ దొరకదని నేను ఒట్టేసి చెబుతాను.

పన్ను లెక్క తెలుసుకుని వెళ్లండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్‌టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలో ఉన్న రెస్టారెంట్లయితే 18 శాతం. 4,000 రూపాయల భోజనం ఒకచోట 4,200 అవుతుంది, ఇంకోచోట 4,720. సర్వీస్ చార్జి వేరు. దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. కలిపితే తీసేయమని మర్యాదగా అడగవచ్చు. వినకపోతే 1915కి ఫోన్ చేయవచ్చు. ఆ మాటలు మాత్రం కౌంటర్ దగ్గర జరగాలి. బల్ల దగ్గర బిల్లు గురించి వాదిస్తుంటే పెద్దవాళ్లు తమ వల్లే గొడవైందనుకుంటారు. చేయి కడుక్కునే వంకతో లేచి వెళ్లి చెల్లించి రండి. వడ్డించిన కుర్రాడికి ఇవ్వదలచుకున్నది అతని చేతికే ఇవ్వండి, వీలైతే నాన్నగారి చేత ఇప్పించండి. ఇచ్చే చేయి తనదైనప్పుడు ఆయన అక్కడ అతిథిగానే కాక పెద్దమనిషిగానూ ఉంటారు.

ఊరు కదలలేనివాళ్లకు

అందరూ హైదరాబాద్ రాలేరు. గేదెను ఎవరికో అప్పగించలేరు, తాతగారు మంచంలో ఉంటారు, ప్రయాణం పడదు. అప్పుడు మీరే ఊరికి వెళ్లండి. గోధుమల్లో గట్టి రకమైన డ్యూరమ్ రవ్వతో చేసిన పాస్తా ప్యాకెట్, ఆలివ్ నూనె చిన్న సీసా, ఎండు ఒరెగానో, కాస్త చీజ్ నగరం నుంచి సంచిలో పెట్టుకుని వెళ్తే మిగతావన్నీ గన్నవరం సంతలో దొరుకుతాయి.

మనిషికి 100 గ్రాముల పాస్తా, దానికి లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు లెక్క. నీళ్లు తెర్లుతున్నప్పుడే వేయాలి. ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందు దించాలి. వేరే మూకుడులో నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు వెల్లుల్లి రెబ్బలు వేసి, ఎర్రబడకుండా చూసి, బాగా పండిన టమాటోలను చిదిమి వేసి, ఇరవై నిమిషాలు చిన్న మంట మీద మగ్గనివ్వాలి. పులుపు ఎక్కువైతే చిటికెడు పంచదార. ఎండుమిరప మీ ఇష్టం. పాస్తా వార్చేముందు ఆ నీళ్లు ఒక గ్లాసుడు తీసి ఉంచండి. అందులోని పిండి సాస్‌ను పాస్తాకు పట్టిస్తుంది. రెండూ కలిపి ఒక నిమిషం మూకుడులో తిప్పితే చాలు.

వంటింట్లోకి అమ్మ రాకుండా ఉండలేదు. కూర్చోమంటే కూర్చోదు. అయితే టమాటోలు ఎంత మగ్గాయో చూసి చెప్పే పని ఆవిడకివ్వండి, పొయ్యి దగ్గర నిలబడేది మీరే కావాలి. పాస్తా చల్లారితే ముద్దకడుతుంది, మళ్లీ వేడిచేస్తే రుచి పోతుంది. అందుకని "మీరంతా తినేయండి, నేను తరువాత తింటాను" అని అమ్మ అన్నప్పుడు ఒప్పుకోకండి. మొదటి ప్లేటు ఆవిడకే పెట్టండి, పక్కన కూర్చుని మీరూ తినండి.